బఠాణీ లేని పీ కోటు

గడియారాలు గంట వెనక్కి తిప్పేసుకున్నాం. సాయంత్రం నాలుగున్నరకే వీధి దీపాలు వెలుగుతున్నాయి. బ్రిటన్‌లో మన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట కలిస్తే ఇప్పుడు రెండే ముచ్చట్లు. ఇంటి హీటింగు బిల్లు ఎంతొస్తుందన్నది ఒకటి, ఈ చలికాలానికి ఏ కోటు కొనాలన్నది రెండోది. సరిగ్గా ఈ సమయంలోనే ఈస్ట్‌హాం నుంచి ఒక పాఠకుడు మమ్మల్ని ఇలా అడిగారు: "దుకాణంలో ఒక నీలం ఉన్ని కోటుకి 'పీ కోట్' అని చీటీ కట్టి ఉందండీ. పీ అంటే బఠాణీ గింజ కదా! కోటుకీ బఠాణీకీ ఏమిటి చుట్టరికం? పోనీ రంగైనా బఠాణీ రంగు కాదాయె!"

ప్రశ్న చిన్నదే. జవాబు వెతుక్కుంటూ పోతే మాత్రం హాలెండు రేవుల దగ్గర మొదలై, లండన్ డాక్‌యార్డుల మీదుగా, కడప, నెల్లూరు నీలిమందు తొట్ల దాకా వెళ్ళాల్సి వచ్చింది. చివరికి మనలో చాలామంది చేసే ఉద్యోగాల దగ్గరికే వచ్చి ఆగింది. అందుకే ఈ వారం ఈ కోటు ముచ్చట చెప్పుకుందాం.

ముందుగా, చూడని వాళ్ళ కోసం ఈ కోటు పోలికలు చెబుతాం. ముదురు నీలం రంగు, దళసరి ఉన్ని గుడ్డ. నడుము దిగి తుంటి దాకా మాత్రమే వస్తుంది. ముందు భాగంలో ఒక పక్క మీదికి ఇంకో పక్క జానెడు మేర కప్పుకుంటుంది. రెండు వరసల పెద్ద పెద్ద బొత్తాలు, వాటి మీద తాడు చుట్టుకున్న లంగరు బొమ్మ. వెడల్పాటి కాలరు. నిలువుగా కోసిన రెండు జేబులు. ఇదీ పీ కోటు. పాత పుస్తకాల్లో దీన్నే పీ జాకెట్ అన్నారు.

పీ అంటే ఏమిటి?

అసలు జవాబు ముందే చెప్పేస్తాం. ఈ పీ బఠాణీ కాదు, ఒక గుడ్డ పేరు. డచ్చి భాషలో 'పై' అనే మాట ఉంది. ముతక ఉన్ని గుడ్డ అని దాని అర్థం. ఈనాటి డచ్చి భాషలో సన్న్యాసులు తొడుక్కునే ముతక అంగీని కూడా అదే మాటతో పిలుస్తారు. 'యెక్కర్' అంటే పొట్టి కోటు. రెండూ కలిపితే 'పైయెక్కర్', అంటే ముతక ఉన్ని పొట్టి కోటు. డచ్చివాళ్ళు సముద్రాలను ఏలుతున్న కాలంలో వాళ్ళ ఓడలూ ఇంగ్లీషు ఓడలూ ఒకే రేవుల్లో ఆగేవి. పక్క ఓడవాడి కోటును చూసి కొనుక్కున్న ఇంగ్లీషు నావికుడు, దాని పేరును కూడా తన నోటికి వచ్చినట్టు పలికాడు. 'యెక్కర్' కాస్తా 'జాకెట్' అయింది, ముందున్న మాట 'పీ' అయి కూర్చుంది. మన వాళ్ళ నోట్లో హాస్పిటల్ ఆసుపత్రి అయినట్టే ఇదీను. 18వ శతాబ్దం తొలి దశకాల్లోనే ఈ మాట ఇంగ్లీషులో వాడుకలోకి వచ్చేసింది.

అంతకంటే పాత సాక్ష్యం కూడా ఒకటుంది. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కవి చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి ఒకడు వస్తాడు. డబ్బున్నదంతా పుస్తకాలకే తగలేసే బీదవాడు. అతని ఒంటి మీద నూలు పోగులు బయటపడి, పూర్తిగా అరిగిపోయిన పైకోటు ఉంటుంది. ఆ కోటుకు చాసర్ వాడిన మాట 'కోర్ట్‌పీ'. కోర్ట్ అంటే పొట్టి, పీ అంటే ఆ ముతక గుడ్డే. ఇది కూడా డచ్చి వైపు నుంచి వచ్చిన మాటే. అంటే ఆరు వందల ఏళ్ళ కిందటే 'పీ' అనేది డబ్బులేని వాళ్ళు తొడుక్కునే బట్ట. ఈ రోజున చేతిలో డబ్బులు చూసుకుంటూ కోటు కోసం దుకాణాల చుట్టూ తిరుగుతున్న మన విద్యార్థులు ఆ కుర్రవాడికి వారసులే అనుకోవచ్చు.

అయితే జనం ఊరుకోరు కదా, అర్థం తెలియని మాటకు ఏదో ఒక కథ కల్పిస్తారు. అమెరికా నౌకాదళం వాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. ఓడలకు దారి చూపించే పైలట్లు తొడుక్కునే మందపాటి నీలం గుడ్డను పైలట్ క్లాత్ అనేవారట. ఆ పైలట్ మాటలోని మొదటి అక్షరం 'పీ' తీసుకుని పీ క్లాత్ అన్నారట, దాంతో కుట్టిన కోటు పీ జాకెట్ అయిందట. ఆ మాట 1723 నుంచి వాడుకలో ఉందని కూడా చెబుతారు. పైలట్ క్లాత్ అనే గుడ్డ ఉన్న మాట నిజమే. కానీ డచ్చి మాట అంతకన్నా చాలా పాతది, గుడ్డ పేరు, కోటు పేరు రెండూ అందులో అచ్చంగా సరిపోతున్నాయి. అందుకే నిఘంటువులు డచ్చి వైపే మొగ్గుతాయి. ఇంకొందరు పెట్టీ ఆఫీసర్లు తొడుక్కునేది కనుక పీ కోటు అంటారు. ఇంకా కొందరు బఠాణీ సూపులా చిక్కగా పొగమంచు పట్టిన రోజున తొడిగేది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. వినడానికి బాగుంటాయి. అంతకు మించి వాటిలో పస లేదు.

దీనికే రీఫర్ అని ఇంకో పేరుంది. గాలి ఎక్కువైనప్పుడు తెరచాపను కొంత మడిచి కట్టడాన్ని ఇంగ్లీషులో రీఫ్ చేయడం అంటారు. ఆ పనికి పైకెక్కే కుర్ర మిడ్‌షిప్‌మెన్లకు రీఫర్లు అని ముద్దుపేరు. వాళ్ళ కోటు కూడా రీఫర్ అయింది. చూశారా, ఒక పేరేమో గుడ్డను బట్టి వచ్చింది, రెండోదేమో పనిని బట్టి వచ్చింది. రెండింటిలోనూ సోకు మాత్రం లేదు.

ప్రతి కుట్టుకూ ఒక కారణం

ఇప్పుడు దుకాణాల్లో అందానికి అమ్మే ఈ కోటులో అసలు అందం కోసం పెట్టింది దాదాపు ఏమీ లేదు. కొడవలికి పిడి ఎందుకో, నాగలికి కర్రు ఎందుకో, ఇందులో ప్రతి భాగమూ అందుకే ఉంది.

పొడవు సంగతే తీసుకోండి. మోకాళ్ళ దాకా దిగే కోటు వెచ్చగానే ఉంటుంది. కానీ ఊగుతున్న ఓడలో తాళ్ళు పట్టుకుని తెరచాప కొయ్య పైకి ఎక్కేవాడికి అది కాళ్ళకు అడ్డం పడుతుంది. తాడులో చిక్కుకుంటే ప్రాణానికే ముప్పు. అందుకే తుంటి దగ్గర ఆపేశారు. పైకెక్కే పని లేకుండా వంతెన మీద నిలబడి ఆజ్ఞలిచ్చే ఆఫీసర్లకు మాత్రం ఇదే కోటును పొడుగ్గా కుట్టారు. దాని పేరు బ్రిడ్జి కోటు. ఎవరు ఎక్కాలో, ఎవరు నిలబడాలో కోటు పొడవు చూస్తేనే తెలిసిపోతుందన్నమాట.

ముందు పక్క రెండు మడతలు ఎందుకంటే, గాలి ఎక్కువగా కొట్టేది ఛాతీకే. అక్కడ గుడ్డ రెండు పొరలవుతుంది. కాలరు పైకెత్తి గొంతు దగ్గర బిగిస్తే చెవుల దాకా కప్పుతుంది. బొత్తాలు పెద్దవిగా ఎందుకున్నాయంటే, చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో చిన్న బొత్తాం పెట్టుకోవడం మన వల్ల కాదు. తెల్లవారుజామున బస్టాపులో నిలబడి జిప్పుతో కుస్తీ పట్టిన వారికి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. జేబులు నిలువుగా ఎందుకంటే, చేతులు వాలుగా దూర్చి వెచ్చబెట్టుకోవడానికి. బొత్తాల మీది తాడు చుట్టుకున్న లంగరు ఇంగ్లీషు నౌకాదళ అధిపతుల పాత ముద్ర. 1588లో స్పెయిన్ ఆర్మడా మీద యుద్ధం నడిపిన లార్డ్ హోవార్డు కూడా ఆ ముద్ర వాడినవాడే.

ఇక గుడ్డ. దీన్నెక్కువగా కెర్సీ, మెల్టన్ అనే రెండు రకాల ఉన్నితో కుట్టారు. రెండూ ఈ దేశపు ఊళ్ళ పేర్లే. కెర్సీ సఫోక్‌లోని పల్లె, మెల్టన్ మోబ్రే లెస్టర్‌కు దగ్గరలోని పట్నం. లెస్టర్‌లో ఉన్న మన పాఠకులు ఆదివారం పూట వెళ్ళి చూసి రావచ్చు. మెల్టన్ గుడ్డను నేసి వదిలేయరు. వేడి నీళ్ళలో, సబ్బులో నానబెట్టి, బాగా బాది కుదిస్తారు. దాంతో ఉన్ని పోగులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని, నేత కళ్ళు పూడిపోతాయి. గాలి దూరడానికి సందు ఉండదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నావికుల కోటు గుడ్డ గజానికి 30 ఔన్సులు తూగేది. అంటే దాదాపు 850 గ్రాములు! ఇప్పుడు దుకాణాల్లో పీ కోటు పేరుతో అమ్మేవాటిలో చాలా వాటికి అందులో సగం బరువు కూడా ఉండదు.

ఉన్నికి ఇంకో గుణం ఉంది. తన బరువులో దాదాపు మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడిగా తగలదు. నూలు బట్ట అలా కాదు, తడిస్తే ఒంటికి అతుక్కుని ఉన్న వేడిని కూడా లాగేస్తుంది. ఈ రహస్యం మనకు కొత్తేమీ కాదు. తెలంగాణలో, రాయలసీమలో వానలో గొర్రెలు కాసే కురుమలు, గొల్లలు గొంగడి ఎందుకు కప్పుకుంటారు? అదే ఉన్ని, అదే కిటుకు. నల్ల గొర్రెల ఉన్ని వడికి, పడుగుకు చింతగింజల గంజి పెట్టి, గట్టిగా నేస్తారు. వాన వస్తే కొప్పెర పెట్టుకుంటారు, రాత్రయితే పరుచుకుంటారు. సముద్రం మీద పీ కోటు చేసిన పనే, దక్కను మెట్టల మీద గొంగడి చేసింది. ఒకటి లండన్, పారిస్ అద్దాల బీరువాలు ఎక్కింది. రెండోదానికి ఆ అదృష్టం పట్టలేదు, అంతే తేడా.

రంగులో మన వాటా

మరి ఆ నీలం రంగు? బ్రిటిష్ నౌకాదళంలో ఆఫీసర్లకు 1748లో నీలం యూనిఫాం ఖాయం చేశారు. మామూలు నావికులకు మాత్రం ఒకే తీరు యూనిఫాం రావడానికి 1857 దాకా పట్టింది. నేవీ బ్లూ అనే మాట ఆ నౌకాదళం నుంచి వచ్చిందే. సముద్రపు ఉప్పుకూ, ఎండకూ తట్టుకుని నిలిచే నీలం కావాలంటే ఆ రోజుల్లో నీలిమందే గతి.

19వ శతాబ్దంలో ఇంగ్లండుకు వెళ్ళిన నీలిమందులో పెద్ద భాగం మన దేశానిదే. బెంగాల్, బీహార్ల పేరు అందరికీ తెలుసు. అక్కడి రైతులు పడ్డ బాధలూ, 1859లో బెంగాల్లో లేచిన నీలి తిరుగుబాటూ, 1917లో గాంధీ గారి చంపారన్ పోరాటమూ చదువుకున్నాం. కానీ మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందు ఎక్కువగా పండిన జిల్లాల్లో కడప, కర్నూలు, నెల్లూరు కూడా ఉన్నాయని మనలోనే చాలామందికి తెలియదు. ఆకును తొట్లలో నానబెట్టి, పులిసిన నీళ్ళను మనుషులు దిగి గంటల తరబడి చిలికితే అడుగున నీలం ముద్ద దిగేది. 1897లో జర్మన్ కంపెనీ కృత్రిమ నీలిమందును అమ్మకానికి తెచ్చాక ఆ సాగు పడిపోయింది. ఏ నావికుడి ఏ కోటులో ఏ జిల్లా నీలిమందు కలిసిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. అయితే ఇంగ్లండు సముద్రపు నీలంలో మన పల్లెల కష్టం ఉన్న మాట మాత్రం వాస్తవం.

కోటు లేనివాళ్ళ సంగతి

ఇంతవరకు కోటు ఉన్నవాళ్ళ సంగతి చెప్పుకున్నాం. ఇప్పుడు లేనివాళ్ళ సంగతి.

నావికుడికి కోటు ఊరికే వచ్చేది కాదు. 1623 నుంచే ఇంగ్లీషు నౌకాదళంలో ఓడ స్టోరులో బట్టలు అమ్మే ఏర్పాటుంది. వాటిని స్లాప్స్ అనేవారు. కావలసినవాడు తీసుకోవచ్చు, ఖరీదు జీతంలోంచి కోసుకుంటారు. స్టోరులో సరుకు అయిపోతే వాడి ఖర్మ!

ఆ ఖర్మ ఎలా ఉంటుందో మోబీ డిక్ రాసిన హెర్మన్ మెల్విల్లే ఇంకో నవలలో చూపించాడు. దాని పేరు వైట్ జాకెట్, 1850లో అచ్చయింది. మెల్విల్లే స్వయంగా 1843, 1844లలో అమెరికా యుద్ధనౌకలో మామూలు నావికుడిగా పనిచేసినవాడు. నవలలోని కుర్రాడు పెరూ రేవు నుంచి ఇంటి దారి పడతాడు. దారిలో కేప్ హార్న్ చుట్టి రావాలి, అక్కడ చలి ఎముకలు కొరుకుతుంది. మూడేళ్ళ ప్రయాణం చివరికి వచ్చింది కనుక స్టోరులో పీ జాకెట్లు ఒక్కటీ మిగల్లేదు. చేసేది లేక ఒక తెల్ల కాన్వాసు చొక్కాలో పాత గుడ్డలు కుక్కి తానే కోటు కుట్టుకుంటాడు. వాన పడితే అది స్పాంజిలా నీళ్ళు తాగుతుంది. నీళ్ళు దిగకుండా పైన పూయడానికి ఇంత రంగు ఇమ్మని అడిగితే ఇవ్వరు. చివరికి ఒకరోజు కొయ్య పైనుంచి సముద్రంలో పడతాడు. ఆ కోటే చుట్టుకుని కిందికి లాగుతుంటే, కత్తితో దాన్ని చీల్చుకుని బయటపడతాడు. తేలుతున్న తెల్ల కోటును చూసి సొరచేప అనుకుని తోటి నావికులు ఈటెలు విసురుతారు! కథే కావచ్చు. కానీ పనికి తగ్గ బట్ట లేకపోతే ఆ బట్టే ప్రాణం తీస్తుందనే మాట ఓడలో పనిచేసిన మనిషి రాశాడని మరిచిపోకూడదు.

ఇక మన దేశం వాళ్ళు. బ్రిటిష్ ఓడల్లో పనిచేసిన ఆసియా నావికులను లాస్కర్లు అనేవారు. సిల్హెట్, చిట్టగాంగ్, గుజరాత్, కొంకణ్, గోవా ప్రాంతాల వాళ్ళు ఎక్కువ. తెల్ల నావికుల కంటే చాలా తక్కువ జీతానికి ఓడ ఎక్కించుకునేవారు. ఎండ దేశపు పలచటి నూలు బట్టలతో లండన్ దిగి, తిరుగు ఓడ దొరకక ఈ వీధుల్లో చలికి అలమటించినవాళ్ళు ఎందరో. 1786లో లండన్‌లో నల్ల పేదల సహాయ సంఘం అని ఒకటి పెట్టారు. దాని పుట్టుకకు ముఖ్య కారణాల్లో వీధిన పడ్డ ఈ లాస్కర్ల అవస్థ ఒకటి. 1814లో చట్టం వచ్చింది. తిరిగి ఓడ ఎక్కేదాకా వాళ్ళ తిండి, బట్ట, బస ఈస్టిండియా కంపెనీ చూడాలన్నారు. కాగితం మీద రాసినంత సులువుగా అది జరగలేదు. 1857లో లైమ్‌హౌస్‌లో ఆసియా, ఆఫ్రికా నావికుల కోసం స్ట్రేంజర్స్ హోం అనే ఆశ్రమం తెరవాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది.

ఆ తర్వాత ఇంకో నిబంధన పెట్టారు. అక్టోబరు నుంచి మార్చి ఆఖరు దాకా అమెరికా తూర్పు తీరంలో 38 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి లాస్కర్లను తీసుకెళ్ళకూడదు. న్యూయార్క్ అంతకన్నా పైనే ఉంది. చలికి తట్టుకోలేరన్నది చెప్పిన కారణం. మరి అదే చలికి తెల్ల నావికుడు ఎలా తట్టుకున్నాడు? వాడి రక్తం వేరా? వాడికి దళసరి కోటుంది, వీడికి లేదు. లేని కోటును ఇవ్వడం మానేసి, లేనివాడి ఒంటినే తప్పు పట్టారని మాకనిపిస్తుంది.

ఆ కాలంలో మన తెలుగువాళ్ళ వలసలు ఎక్కువగా రంగూన్, మారిషస్, మలయా, నేటాల్ వైపు సాగాయి. కష్టాలకు కొదవ లేదు గానీ కోటు బాధ అంతగా లేదు. చలిదేశాల బాధ ఇప్పటి తరానిది.

మరి మన కోటు ఎవరు కొనాలి?

అందుకే ఈ భాగం జాగ్రత్తగా చదవండి. మనవాళ్ళందరూ వెచ్చటి ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందే కూర్చోవడం లేదు. కోల్డ్ స్టోరేజీ గోదాముల్లో, తోటల్లో, కార్ల యార్డుల్లో, రాత్రి కాపలా ఉద్యోగాల్లో, పార్సిళ్ళు చేరవేసే పనుల్లో ఎంతోమంది ఉన్నారు. "జాకెట్ ఇచ్చి మొదటి నెల జీతంలో పట్టుకున్నారు" అనే మాట మేము తరచూ వింటున్నాం. 1623 నాటి స్లాప్స్ పద్ధతికీ దీనికీ ఏమిటి తేడా?

తేడా చట్టంలో ఉంది. ఈ దేశంలో పని చోట రక్షణ సామగ్రికి 1992 నిబంధనలు ఉన్నాయి. హెల్మెట్టు, చేతి తొడుగులే కాదు, పనికి అవసరమైతే ఎండావానాచలి నుంచి కాపాడే బట్టలు కూడా రక్షణ సామగ్రి కిందికే వస్తాయని అందులో రాసి ఉంది. 1974 చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం అలా ఇవ్వాల్సిన వాటికి యజమాని ఉద్యోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు, డిపాజిట్ కూడా అడగకూడదు. 2022 ఏప్రిల్ 6 నుంచి ఈ రక్షణను మామూలు ఉద్యోగులకే కాక, కాంట్రాక్టు మీద అప్పుడప్పుడు పిలిస్తే వెళ్ళి పనిచేసే వర్కర్లకు కూడా వర్తింపజేశారు. నిజంగా సొంత వ్యాపారం చేసుకునేవారికి మాత్రం ఇది వర్తించదు. ఓడల సిబ్బందికి వేరే నిబంధనలున్నాయి. నార్తర్న్ ఐర్లండ్‌కు చట్టాలు వేరుగా ఉన్నాయి.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. కంపెనీ పేరు కనిపించడానికి ఇచ్చే మామూలు యూనిఫాం వేరు, ప్రమాదం నుంచి కాపాడే బట్ట వేరు. ఉచితంగా ఇవ్వాలన్నది రెండోదానికే. అలాగే, ఉద్యోగం మానేసినప్పుడు ఇచ్చిన జాకెట్ తిరిగి ఇవ్వకపోతే దాని ఖరీదు పట్టుకుంటామని ఒప్పందంలో రాసి ఉంటే పట్టుకోవచ్చు. కాబట్టి తిరిగి ఇచ్చేటప్పుడు ఒక రసీదో, ఫోన్లో ఒక ఫోటోనో ఉంచుకోండి. జీతం కాగితంలో అర్థం కాని కోత కనిపిస్తే మౌనంగా ఉండొద్దు. ముందు సూపర్‌వైజరును కాగితం మీద అడగండి. తర్వాత ఏకాస్ వారి ఉచిత ఫోనుకు గానీ, ఊళ్ళోని సిటిజన్స్ అడ్వైస్ ఆఫీసుకు గానీ చెప్పుకోండి. అడిగితే వీసా పోతుందేమోనని భయపడేవారున్నారు. హక్కు ఏమిటో కనుక్కోవడం నేరం కాదు.

కొనేవారికి నాలుగు మాటలు

ఇక సొంతానికి కోటు కొనుక్కునేవారికి. 1962లో పారిస్‌లో ఇవ్ సాన్ లోరాన్ తన సొంత పేరుతో చేసిన మొదటి ప్రదర్శనలోనే పీ కోటును ఆడవారికి తొడిగించాడు. యుద్ధం తర్వాత మిలిటరీ పాత సామాన్ల దుకాణాల్లో చవగ్గా దొరికి విద్యార్థుల ఒంటికెక్కింది. అలా పనివాడి కోటు ఫ్యాషనయింది. ఇటీవలి సంవత్సరాల్లో అమెరికా నౌకాదళం కూడా తన నావికులకు తేలికపాటి నల్ల పార్కా ఇస్తూ, పీ కోటును ఇష్టముంటే వేసుకునే బట్టగా మార్చేసింది. పేరు మిగిలింది, గుడ్డ మారిపోయింది. కాబట్టి పేరు చూసి మోసపోకండి.

లోపలి చీటీ చదవండి. ఉన్ని 70, 80 శాతానికి తగ్గకుండా ఉంటే మంచిది. సగానికి పైగా పాలియెస్టరుంటే అది పీ కోటు వేషం వేసుకున్న మామూలు కోటే. వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి, గుడ్డలోంచి వెలుతురు కనబడకూడదు. పిడికిట్లో నలిపి వదిలితే ముడత వెంటనే పోవాలి. లోపల స్వెట్టరు పట్టేంత వదులు ఉండాలి, భుజాలు మాత్రం జారకూడదు. పాతవి అమ్మే చారిటీ షాపుల్లో ఒక్కోసారి అసలైన ఉన్ని కోటు కొత్త పాలియెస్టరు కోటు ధరలో మూడో వంతుకే దొరుకుతుంది. అయితే చంకల కింద, కాలరు కింద చిమ్మెట కొట్టిన చిల్లులున్నాయేమో వెతకండి.

వాషింగ్ మెషిన్లో మాత్రం వేయకండి. మెల్టన్ గుడ్డను కుదించింది వేడి నీళ్ళూ, సబ్బూ, దెబ్బలే అని చెప్పుకున్నాం కదా. మీ మెషిను కూడా అదే పని చేసి మీ కోటును మీ పిల్లాడికి సరిపెడుతుంది. బురద ఆరాక బ్రష్షుతో దులిపితే చాలు, చలికాలం అయ్యాక ఒకసారి డ్రైక్లీనింగుకు ఇవ్వండి. ఎండాకాలంలో గుడ్డ సంచిలో కట్టి దాచండి. ఇంకో సంగతి, ఉన్ని చిరుజల్లుకు ఆగుతుంది గానీ కుండపోత వానకు ఆగదు. గొడుగు మానకండి.

ఈస్ట్‌హాం పాఠకుడికి మా జవాబు ఇదీ: మీ కోటులో బఠాణీ లేదు. ముతక ఉన్ని ఉంది, పనిచేసే మనిషి అవసరం ఉంది, అది ఎవరి డబ్బుతో తీరాలన్న పాత తగువు కూడా ఉంది. కోటు మీ సరదాకైతే మీరే కొనుక్కోండి. పని కోసమైతే మాత్రం ముందు ఆ కోటు ఎవరివ్వాలో అడిగి, ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి.

వచ్చే వారం మరో మాటతో కలుద్దాం. అందాకా చెవులు కప్పుకోండి, ఆరోగ్యం జాగ్రత్త. సెలవు.